మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఎవరుంటారు?

ఇల్లు కట్టేటప్పుడు వంటగది ఒక్కటి మనకి వదిలేస్తారు. గట్టు ఎంత ఎత్తుండాలి, సింకు ఏ మూల రావాలి, గ్రానైట్ నలుపా గోధుమరంగా, అన్నీ "నీ ఇష్టం, నువ్వే చూసుకో" అంటారు. ఆస్తి రాసిచ్చినంత ఉదారంగా అంటారు. కిటికీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన ఇష్టం ఎవరికీ గుర్తురాదు. కిటికీలు ఎలివేషన్ కిందికి వస్తాయి. ఎలివేషన్ అంటే రోడ్డు మీద పోయేవాళ్లకి కనపడేది. అది ఇంజనీరుగారూ, ఇంటాయనా, ఆయన స్నేహితులూ కూర్చుని తేల్చాల్సిన వ్యవహారం.

నన్నడిగితే గట్టు ఎత్తు గురించి ఆఖర్న మాట్లాడుకోవచ్చు. ముందు కిటికీల గురించి గట్టిగా మాట్లాడాలి. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంట్లో ఉండేది ఎవరు? ఎలివేషన్ గీసినాయన తన ఆఫీసులో ఏసీ కింద ఉంటాడు. ఇంటాయన డ్యూటీలో ఉంటాడు. ఇంట్లో ఉండేది మనం, మంచం దిగలేని పెద్దవాళ్లు, సెలవులకి ఇంటిపట్టునున్న పిల్లలు. ఆ గంటలో ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే కిటికీ ఎటుండాలో, ఎంతుండాలో చెప్పాలి. ఉద్యోగం చేసే ఆడవాళ్లు కూడా ఆదివారాలు, సెలవురోజులు గుర్తు తెచ్చుకుంటే నేనేం అంటున్నానో తెలుస్తుంది.

మాది తెనాలిలో 200 గజాల స్థలం. రోడ్డు పడమర వైపు, కాబట్టి ఇంటి ముఖం పడమర. మొదటి ప్లానులో ముందు గది అత్తయ్యగారికి ఇచ్చారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు, పైగా వచ్చేపోయేవాళ్లు కనిపిస్తుంటే కాలక్షేపం. అంతవరకూ బాగానే ఉంది. ఆ గదికి రోడ్డు వైపు 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తున అద్దం పెట్టారు. తెరుచుకునేది కాదు, బిగింపు అద్దం. బొమ్మలో చూస్తే నిజంగానే ముచ్చటగా ఉంది, నీలంగా, అందులో మబ్బులు కనపడుతూ. మా వారు ఆ బొమ్మ ఫోన్లో పెట్టుకుని చుట్టాలందరికీ చూపించారు కూడా.

అంతకు ముందు ఏడు మేం అద్దెకున్న ఇంట్లో కూడా అత్తయ్యగారిది పడమటి గదే. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను పెరట్లో ఆరిన బట్టలు తీసుకుని వచ్చేసరికి ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. లేవలేకపోతున్నారు. పిలిస్తే నా వైపు చూస్తున్నారు గానీ పలకడం లేదు. తడిగుడ్డలు, విసనకర్ర, ఆటో, ఆస్పత్రి, సెలైను. రెండు రోజులకి ఇంటికి తెచ్చుకున్నాం. ఆ రోజు ఆ గది తలుపు తీస్తే మొహానికి కొట్టిన సెగ నాకింకా గుర్తుంది. అందుకే ఆ బొమ్మలో నాకు మబ్బులు కనపడలేదు.

"రిఫ్లెక్టివ్ అద్దం వేస్తాం మేడమ్, వేడి రాదు" అన్నారు ఇంజనీరుగారు. "ఏసీ పెడతాంగా" అన్నారు మా వారు. ఇవాళ ఇల్లు కడుతున్న ప్రతిచోటా ఈ రెండు మాటలూ వినిపిస్తాయి కాబట్టి వీటి సంగతి కొంచెం వివరంగా చెప్తాను.

మామూలు తెల్లద్దం మీద పడ్డ ఎండలో వందకి ఎనభై పాళ్ల వేడి లోపలికి వస్తుంది. గచ్చు మీదా మంచం మీదా పడి సెగగా మారుతుంది. వెలుగుగా లోపలికి రానిచ్చిన అద్దం, సెగగా మారాక దాన్ని అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు. తలుపులన్నీ వేసి ఎండలో నిలబెట్టిన కారు లోపల ఉడికిపోవడం చూశారుగా, అదే ఇది. కర్టెన్ వేసుకుంటే సరిపోతుంది కదా అంటారు. కర్టెన్ అద్దానికి ఇవతల ఉంటుంది. ఎండ అప్పటికే ఇంట్లోకి వచ్చేసింది, గచ్చుకు బదులు గుడ్డ కాలుతుంది. కొంత మేలే గానీ, అదే గుడ్డో చాపో కిటికీకి బయట కడితే ఎన్నో రెట్లు మేలు. రంగు అద్దం ఎండని కొంత తానే తాగి వేడెక్కుతుంది. సాయంత్రం నాలుగింటికి దాని మీద చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. ఆ వేడిలో కొంత మళ్లీ మన వైపే వస్తుంది. రిఫ్లెక్టివ్ అద్దం వీటికంటే నయం, ఎండని వెనక్కి కొడుతుంది. వెలుగుని కూడా కొడుతుంది. పట్టపగలు లైటు వేసుకుని బియ్యం ఏరుకోవాలి. రెండద్దాల మధ్య ఖాళీ పెట్టి, వేడిని ఆపే లో-ఇ పూత పూసినవి ఇంకా మంచివి, ఇంకా ఖరీదు. పొద్దస్తమానం తలుపులు బిగించి ఏసీ నడిపే ఇళ్లకి వాటితో లాభం ఉంది, కాదనను. మన ఇళ్లు అలా నడవవు. తెల్లవారుజామున కిటికీ తెరుస్తాం, ఎండెక్కాక మూస్తాం, సాయంత్రం గాలి తిరగ్గానే మళ్లీ తెరుస్తాం. తెరిచిన కిటికీకి అద్దం ఎంత ఖరీదైనదైతే ఏం?

ఇక ఏసీ. ఒకటిన్నర టన్నుల ఏసీ ఆగకుండా తిరిగితే గంటకి దాదాపు ఒకటిన్నర యూనిట్ కాలుతుంది. వాడకం పెరిగేకొద్దీ పై శ్లాబులో యూనిట్ ధర కూడా పెరుగుతుంది. వేడిని అద్దంలోంచి లోపలికి పిలిచి, మళ్లీ డబ్బిచ్చి బయటికి పంపడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. అదీగాక మనం ఇళ్లలో పెట్టుకునే మామూలు ఇన్వర్టరు ఫ్యాన్లు తిప్పుతుంది గానీ ఏసీని లాగలేదు. అత్తయ్యగారు పడిపోయింది కరెంటు లేని మధ్యాహ్నమే. మా వారితో నేను అన్నది ఒక్క మాట, "ఏవండీ, కరెంటు పోయిన రోజున ఆ అద్దం వెనక అత్తయ్యగారు ఉంటారు" అని. ఆ పూట ఆయనేం మాట్లాడలేదు. మర్నాడు ఇంజనీరుగారికి ఫోన్ చేసి, "ముందు గది సంగతి మా ఆవిడతో మాట్లాడండి" అన్నారు.

మాట్లాడేముందు నేను వెళ్లి ఎండ చూసొచ్చాను. దీనికి చదువూ అక్కర్లేదు, ఇంజనీరూ అక్కర్లేదు. మా స్థలం పక్కింటికి పడమటి కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ ఉంది. మే నెలాఖర్లో సాయంత్రం నాలుగింటికి టేపు పట్టుకుని కొలిస్తే, నీడ సన్‌షేడ్ కింద అడుగుంపావు దాటి కాస్త దిగింది. అయిదింటికి ముప్పావు అడుగే. నాలుగడుగుల కిటికీలో మిగతాదంతా ఎండే, ఏటవాలుగా వచ్చి తిన్నగా మంచం మీద పడే ఎండ. "సన్‌షేడ్ ఉంది కదా" అనే మాట పడమరకి పనికిరాదని ఆ రోజే తేలిపోయింది.

దక్షిణం అలా కాదు. మా వైపు మే మొదటి వారంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత జూన్, జూలైల్లో కొంచెం ఉత్తరానికే జరుగుతాడు. అందుకని మండువేసవిలో దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడే బోలెడు. డిసెంబరులో సూర్యుడు దక్షిణంగా కిందికి దిగుతాడు, అప్పుడు గదిలోకి కాస్త ఎండ వచ్చినా హాయే. తూర్పు ఎండ కూడా ఏటవాలే గానీ, పొద్దున పూట గోడలూ గాలీ చల్లగా ఉంటాయి కాబట్టి అంత బాధ ఉండదు. తొమ్మిదింటికి రెక్కలు మూసుకుంటే చాలు.

వాస్తు చూసే సిద్ధాంతిగారు వచ్చి, తూర్పు ఉత్తరాలు ఎక్కువ తెరిపి ఉండాలి, పడమర దక్షిణాలు తక్కువ ఉండాలి అన్నారు. పడమర విషయంలో ఆయనకి దణ్ణం పెట్టాను, ఆయన లెక్క ఏదైనా నా ఎండ లెక్కతో కలిసింది. దక్షిణం విషయంలో ఒప్పుకోలేదు. ఎండాకాలం సాయంత్రాలు మాకు పైరగాలి వచ్చేది ఆ వైపు నుంచే. బి.ఎ.లో వసంత వర్ణనల్లో మలయమారుతం దక్షిణం నుంచి వీస్తుందని బట్టీపట్టాను గానీ, దానితో నాకు కిటికీ దగ్గర పని పడుతుందని అప్పుడు అనుకోలేదు. కిటికీలు సరిసంఖ్యలో ఉండాలని కూడా అన్నారు సిద్ధాంతిగారు. ఉంచాం. దానివల్ల ఎండ పెరగదు, గాలి తగ్గదు.

ముందు గదికి చివరికి ఏం చేశామంటే, ఆ పెద్దద్దానికీ దాని ఫ్రేముకీ పెట్టాల్సిన డబ్బుతో ముందు భాగమంతా అయిదడుగుల వసారా దించాం. అత్తయ్యగారి గదికి రెండు కిటికీలు, ఒక్కోటి రెండున్నర అడుగుల వెడల్పు. మే నెలలో మూడున్నర దాకా వాటి మీద ఎండ దాదాపు పడదు. ఆ తర్వాత వసారా అంచున వెదురు తెరలు దించుతాం, పొద్దుగూకాక చుట్టి పైకి కట్టేస్తాం. పాత పెంకుటిళ్లలో చూరు చేసిన పని ఇదే, గోడకి ఎండ తగలనిచ్చేది కాదు. గవాక్షం అంటే ఆవు కన్ను అని అర్థం. కన్నన్నాక రెప్ప ఉండాలి కదా. ఇప్పటి ఎలివేషన్లు కన్ను పెద్దది చేసి రెప్ప కోసేస్తున్నాయి.

దీనికి మేం ఇచ్చుకున్నది కూడా చెప్పాలి. హాలు అయిదడుగులు తగ్గింది. అనుకున్న సోఫా సెట్టు పట్టలేదు. ఎవరైనా ఇంటికొస్తే మా వారు ఇప్పటికీ "హాలు ఇంకా పెద్దది రావాల్సింది" అంటారు. నేనేం అనను. అత్తయ్యగారి గదిలో ఏసీకి పాయింటు ఉంది, ఏసీ లేదు. మధ్యాహ్నం ఆవిడ ఫ్యాను కింద నిద్రపోతారు. కిటికీలొక్కటే ఇదంతా చేశాయని అనడం లేదు, పైన శ్లాబు కాగుతుంటే కిటికీ ఎంతని కాపాడుతుంది. శ్లాబు మీద ఏం వేశామో ఇంకోసారి రాస్తాను.

ఇక తెరుచుకునే సంగతి. ఇప్పుడు ఎక్కడ చూసినా స్లైడింగ్ కిటికీలే. రెక్క ఊగదు, జాగా ఆక్రమించదు, చూడ్డానికి నీటుగా ఉంటుంది. కానీ రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. ఒక పలక రెండోదాని వెనక్కి పోవాలి కదా మరి. దోమల మెష్ కోసం మూడో గాడి పెట్టించినా అంతే. డబ్బిచ్చేది అయిదడుగుల కిటికీకి, గాలొచ్చేది రెండున్నర అడుగులకి. రెక్కల కిటికీ, ఇప్పుడు కేస్‌మెంట్ అంటున్నారు, దాదాపు మొత్తం తెరుచుకుంటుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇళ్ల కోసం 'ఎకో నివాస్ సంహిత' అనే నియమావళి తయారుచేసింది. మాలాంటి చిన్న స్థలాలకి అది నిర్బంధం కాదు గానీ, అందులోని ఒక లెక్క ఇల్లు కట్టుకునే ప్రతి ఇల్లాలూ రాసిపెట్టుకోదగ్గది. మా కోస్తాలాంటి ఉక్క ప్రాంతాల్లో, ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు, తెరుచుకునే ఖాళీ ఉండాలి. హైదరాబాద్ లాంటి చోట్ల 12.5 శాతం, అంటే ఎనిమిదో వంతు. వెంటిలేటర్లనీ, తిన్నగా బాల్కనీలోకి తెరుచుకునే తలుపుల్నీ కూడా ఇందులో కలుపుకోవచ్చు. చూడండి, కిటికీ కొలత కాదు వాళ్లు అడిగేది, తెరుచుకునే కొలత. కార్పెట్ ఏరియా 1000 చదరపు అడుగులైతే మా వైపు 167 అడుగులు కావాలి. అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న కిటికీలు పది పెడితే 200 అడుగులు. అవి స్లైడింగ్ అయితే తెరుచుకునేది 100. రెక్కలవైతే, అదే నియమావళి తొంభై శాతంగా లెక్కకట్టమంది కాబట్టి, 180. అవే పది కిటికీలు, అదే గోడ.

"రెక్కలు గాలికి టపాటపా కొట్టుకుంటాయమ్మగారూ" అన్నాడు మా మేస్త్రి. కొక్కెం పెట్టకపోతే కొట్టుకుంటాయి. మన చిన్నప్పటి కిటికీలన్నిటికీ కొక్కేలు ఉండేవి. ఇప్పటివాటికి రెక్కని ఎక్కడ వదిలితే అక్కడ ఆపే కీళ్లే వస్తున్నాయి. అసలు ఇబ్బంది వేరే ఉంది. రెక్క బయటికి తెరుచుకుంటుంది, మధ్యలో గ్రిల్, లోపల మెష్. వానొస్తే మెష్ తీసి, గ్రిల్లోంచి చెయ్యి పెట్టి, రెక్క లాక్కోవాలి. కాబట్టి మెష్ బిగించేయకుండా, బందులతో తెరుచుకునేలా పెట్టించుకోవాలి. గ్రిల్ డిజైను ఎంచుకునేటప్పుడు పువ్వులూ నెమళ్లూ తర్వాత, ముందు గడియ దగ్గర మన చెయ్యి గాజులతో సహా దూరుతుందా లేదా చూసుకోవాలి.

మగవాళ్లకి చెప్తే తప్ప తట్టని సంగతి ఇంకోటి ఉంది. తెరుచుకునే కిటికీ ఉండటం వేరు, దాన్ని తెరిచి ఉంచుకోగలగడం వేరు. రోడ్డు పక్కన, నేలకి రెండున్నర అడుగుల ఎత్తున కిటికీ పెడితే, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చిన ఆడది దాన్ని తెరిచి ఉంచదు. రెక్క మూసి, కర్టెన్ లాగి, ఆ ఉక్కలోనే పడుకుంటుంది. ఎన్ని ఇళ్లలో చూశానో. మా అమ్మమ్మ వాళ్లింట్లో నాలుగు రెక్కల కిటికీలుండేవి. పై రెండూ వేరు, కింది రెండూ వేరు. కిందివి మూసి పైవి తెరిస్తే వీధిలోవాళ్లకి మనం కనపడం, పైకి చేరిన వేడిగాలి బయటికి పోతుంది. రాత్రి దీపం తీసేశాక కిందివి తెరిస్తే గాలి తిన్నగా మంచం మీదికొస్తుంది. అంత తెలివైన కిటికీని ఎందుకు వదులుకున్నామో నాకు తెలీదు. పడకగదులకి అలాంటివే చేయించాను. "ఇవి పాత మోడలండీ" అన్నాడు వడ్రంగి. అవునన్నాను.

వంటింటి సంగతి ఒక్క ముక్క. పొయ్యికి ఎదురుగా కిటికీ పెడితే గాలికి మంట నిలవదు, అన్నం వార్చేదాకా కిటికీ మూసుకునే ఉండాలి. సింకు మీద పెట్టించుకోండి. ఇక గది ఏదైనా, గాలి రావడానికి ఒక దారి ఉంటే పోవడానికి ఇంకో దారి ఉండాలి. రెండో గోడకి కిటికీ కుదరకపోతే తలుపు పైన వెంటిలేటరైనా అడగండి.

చెక్కా, యూపీవీసీయా, అల్యూమినియమా అని అందరూ అడుగుతారు. నా దృష్టిలో ఇది మూడో ప్రశ్న. నీడ ఒకటి, తెరుచుకోవడం రెండు, ఆ తర్వాతే ఇది. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, చెదలు భయం, కానీ మన వీధిలో వడ్రంగే బాగుచేయగలడు. పాత ఇళ్లు విప్పిన చోట ఆరిపోయిన టేకు దొరికితే వదలకండి, అది ఇక వంకర పోదు. యూపీవీసీకి ఉబ్బూ చెదా లేవు. లోపల ఇనప కమ్మీ ఉందో లేదో అడిగి, ముక్క కోయించి చూడండి. మామూలు అల్యూమినియం ఎండకి కాలి ఆ వేడిని లోపలికి మోసుకొస్తుంది. మేం పడకగదులకి చెక్క, మిగతావాటికి యూపీవీసీ పెట్టాం.

బిగించే రోజుల్లో మాత్రం దగ్గరుండాలి. అసలు మాట తేల్చుకోవాల్సింది గోడ కిటికీ మట్టానికి లేవకముందే. లింటెల్ పడ్డాక మేస్త్రి చేతులెత్తేస్తాడు, అతని తప్పు కాదు. చెక్క చట్రాలు గోడతోపాటే నిలబెడతారు. యూపీవీసీ గోడ పూత అయ్యాక పెడతారు, కాబట్టి కొలతలు కూడా పూత అయ్యాకే తీసుకోవాలి. ప్లాను చూసి ముందే కోసుకొస్తామంటే ఒప్పుకోకండి. ఖాళీకి రెండు మూలల నుంచి రెండు మూలలకి అడ్డంగా టేపు పెట్టించండి. రెండు కొలతలూ ఒకటే వస్తే గోడ సరిగ్గా ఉన్నట్టు, లేకపోతే పూత సరిచేయించాలి. ఫ్రేముకీ గోడకీ మధ్య సందు ఫోముతో నింపి, బయట సిలికాన్ పట్టించాలి. ఒట్టి సిమెంటు పూసి వదిలేస్తే ఏడాదికి బీట ఇస్తుంది. ఆ బీటలోంచి మే నెలలో వడగాలి, నవంబరు వానల్లో నీళ్లు.

కిటికీ కింది గ్రానైట్ పలక బయటికి కొంచెం వాలుగా ఉండాలి. గోడ దాటి ఒక అంగుళం ముందుకు రావాలి. అడుగున సన్నటి గాడి కొట్టించాలి, లేకపోతే నీళ్లు పలక కిందుగా పాకి గోడలోకి దిగుతాయి. సన్‌షేడ్ అంచు కిందా అలాంటి గాడే. ఫ్రేము కింద నీళ్లు పోయే చిల్లులుంటాయి, పూత పనివాళ్లు సిమెంటుతో మూసేస్తారు, అగ్గిపుల్లతో పొడిచి చూసుకోవాలి. అన్నీ అయ్యాక, డబ్బులు పూర్తిగా ఇవ్వకముందు, తోటకి నీళ్లు పెట్టే పైపు తెచ్చి ఒక్కో కిటికీ మీద అయిదు నిమిషాలు కొట్టించండి. పనివాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. మా ఇంట్లో రెండు కిటికీల దగ్గర లోపల తడి కనపడింది, అప్పటికప్పుడు సిలికాన్ మళ్లీ పెట్టారు.

ఫ్రేముల మీద అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని గృహప్రవేశం దాకా ఉంచుదామంటారు, గీతలు పడకుండా. రంగుల పని అవగానే తీయించేయండి. ఒక్క వేసవి ఎండ తగిలిందంటే అది ఫ్రేముకి అతుక్కుపోతుంది, ఆ తర్వాత గోళ్లతో గీక్కుంటూ కూర్చోవాల్సింది మళ్లీ మనమే.